అన్నం తినే ఊళ్లో గోధుమ పడని పిల్ల

మా అమ్మాయికి గోధుమ పడదని తేలినప్పుడు చుట్టాలందరూ ఒకటే మాట అన్నారు: "మనం అన్నం తినేవాళ్లం, మనకేం ఇబ్బంది?" ఇంట్లో నిజంగానే పెద్ద ఇబ్బంది లేదు. గడప దాటాకే అసలు కథ.

పిల్లకున్నది సీలియాక్ వ్యాధి. గోధుమ, బార్లీ, రై ధాన్యాల్లో ఉండే గ్లూటెన్ అనే మాంసకృత్తు లోపలికి వెళితే, ఒంట్లోని రోగనిరోధక వ్యవస్థే చిన్నపేగు లోపలి పొరను దెబ్బతీస్తుంది. చిటికెడు కూడా పనికిరాదు, అదీ జీవితాంతం. ఎత్తు పెరగకపోవడం, ఎంత ఐరన్ సిరప్పు పోసినా రక్తం పట్టకపోవడం, కడుపు ఉబ్బరం చూసి పిల్లల జీర్ణకోశ వైద్యుడు మొదట రక్తపరీక్ష, తర్వాత ఎండోస్కోపీ చేయించి తేల్చారు. ఈ పరీక్షలు పూర్తయ్యేదాకా గోధుమ మానిపించవద్దని ఆయన గట్టిగా చెప్పారు. ముందే మానేస్తే జబ్బు ఉన్నా పరీక్షలో కనబడకపోవచ్చు. పేగు పొర దెబ్బతిన్న పిల్లలకు కొన్నాళ్లు పాలు కూడా అరగవు. మాకూ అదే జరిగింది, పొర కోలుకున్నాక పాలు మళ్లీ మొదలుపెట్టాం. గోధుమ మాత్రం ఇక లేదు.

2016లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం ఉత్తర భారతంలో సుమారు నూటికి ఒకరికి ఈ జబ్బు ఉంటే, దక్షిణాదిన సుమారు పదివేలకు ఒకరికి ఉంది. అందుకే మన హోటళ్లలో దీని పేరు ఎవరూ విని ఉండరు. మొదట్లో ఒకచోట "ఇందులో గోధుమపిండి ఉందా?" అని అడిగితే, వడ్డించే కుర్రవాడు ఎంతో నమ్మకంగా "లేదండీ, మైదా మాత్రమే" అన్నాడు. మైదా కూడా గోధుమ నుంచి వచ్చేదే. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అప్పటినుంచి "ఉందా, లేదా" అని అడగడం మానేశాను. "ఇందులో ఏమేమి వేస్తారు?" అని అడుగుతాను, అదీ పొయ్యి దగ్గర ఉన్న మనిషిని. బల్ల దగ్గరికి వచ్చేవారికి వంటలో ఏం పడిందో తెలియదు, తెలియదని చెప్పడానికి మొహమాటం.

విజయవాడ వెళ్లే దారిలో ఒక టిఫిన్ హోటల్లో పెసరట్టు అడిగాను. పెసలు, బియ్యం, అల్లం, పచ్చిమిర్చి, అంతవరకు బాగానే ఉంది. కానీ అక్కడ పెసరట్టంటే ఉప్మాతోనే వస్తుంది, ఉప్మా బొంబాయి రవ్వ, అంటే గోధుమే. ఉప్మా వద్దన్నాను. పక్కనే అదే పెనం మీద రవ్వ దోసె కాలుతోంది. దాని పిండిలో రవ్వతోపాటు మైదా కూడా. వంటాయన సగం కోసిన ఉల్లిపాయతో పెనం తుడిచి మా అట్టు పోయబోతే ఆపాను. "బాబాయ్ గారూ, తుడిస్తే చాలదండీ, కడగాలి. ఆ పిండి తగిలితే మా పాపకు జబ్బు చేస్తుంది" అన్నాను. ఆయన ఒక్క క్షణం నా మొహంలోకి చూసి, పెనం మీద చెంబుడు నీళ్లు గుమ్మరించి, పుల్లల చీపురుతో గీకి, ఇంకోసారి నీళ్లు పోసి, "గరిటె కూడా మార్చాలా అమ్మా?" అని అడిగారు. ఆ ప్రశ్న అడిగిన మనిషి చేతి వంట నేను ధైర్యంగా పెడతాను. ఇదంతా జనం లేని వేళ కాబట్టి సాగింది. ఆదివారం ఉదయం తొమ్మిదింటికి అడిగి ఉంటే వరుసలో వెనకున్నవాళ్లే నన్ను బయటికి పంపేవారు.

అన్నిటికంటే దొంగ సరుకు ఇంగువ. అసలు ఇంగువ అఫ్గానిస్థాన్, ఇరాన్ వంటి దేశాల నుంచి వచ్చే ఘాటైన జిగురు. దాన్ని నేరుగా వాడలేం కాబట్టి బంక, పిండి కలిపి అమ్ముతారు. ఆ పిండి చాలా డబ్బాల్లో మైదానో గోధుమపిండో అయి ఉంటుంది, ముద్ద ఇంగువలోనూ అంతే. బియ్యప్పిండి కలిపినవీ దొరుకుతాయి, డబ్బా వెనక అక్షరాలు చదివి ఏరుకోవాలి. ఇంట్లో అది సాధ్యం, హోటల్లో ఎవరు చూస్తారు? అందుకే బయట సాంబారు, చారు, పులిహోర, పోపు పెట్టిన పచ్చళ్లు మాకు బంద్. గారెలు మినప్పిండే అయినా, పూరీలు, మైసూరు బజ్జీలు వేగిన నూనెలోనే వేగుతాయి. మంచూరియాలో మైదా, సాధారణంగా గోధుమ కలిసే సోయాసాస్ రెండూ ఉంటాయి కాబట్టి దాని జోలికే వెళ్లం. జొన్నరొట్టె చూసి సంబరపడే ముందు కూడా రెండు ప్రశ్నలు అడగాలి: రొట్టె విరగకుండా గోధుమపిండి కలిపారా, పిండి ఏ మరలో ఆడించారు? గోధుమలు ఆడిన మరలో వెంటనే జొన్నలు పోస్తే ముందరి పిండి కొంత అందులోకి వస్తుంది.

పెళ్లిళ్లంటే నాకు భయంగా ఉండేది. కోనసీమలో మా పెదనాన్నగారి మనవరాలి పెళ్లికి, ముహూర్తానికి ముందురోజే వంట మేస్త్రిని కలిశాను. ఆయన గాడిపొయ్యి దగ్గర కూర్చుని నేను చెప్పినదంతా విని, "అంటే గోధుమ విషయంలో మడి కట్టుకోవాలన్నమాట. అంటు తగలకూడదు, అంతేగా?" అన్నారు. మడి, అంటు అంటే నాకు పెద్ద గౌరవం లేదు, మా అమ్మమ్మ దగ్గర పడిన తిట్లు ఇంకా గుర్తున్నాయి. కానీ డాక్టరు ఇచ్చిన కాగితం చూపించి ఎంతమందికి చెప్పినా ఎక్కనిది ఆయనకు ఒక్క ముక్కలో బోధపడింది. మర్నాడు కొత్త నూనెలో మొదటి వాయి గారెలు పిల్లకే తీసి పక్కన పెట్టారు. ఇంగువ పోపు పడకముందే ముద్దపప్పు స్టీలు గిన్నెలోకి తీసి మూత వేశారు. బూరెలు మాత్రం వద్దన్నారు, పైపిండిలో తాను మైదా కలుపుతానని దాచకుండా చెప్పారు. ఇప్పుడు ఏ ఊరి వంటవారితోనైనా నేను మడి భాషే మాట్లాడుతున్నాను, ఎదుటివారు వెంటనే గరిటె మారుస్తున్నారు.

తీపి విషయంలో గోదావరి జిల్లాలు మమ్మల్ని సగం ఏడిపించి సగం నవ్విస్తాయి. కాకినాడ కాజా, తాపేశ్వరం మడతకాజా రెండూ మైదావే. ఆత్రేయపురం పూతరేకులు బియ్యపు పిండివి, అరిసెలూ బియ్యమే, సున్నుండలు మినుములు. చుట్టాలు "ఒక్క ముక్కకు ఏమవుతుందే" అని కాజా అందిస్తే, పిల్ల "అది కాదు అత్తయ్యా, పూతరేకు పెట్టు" అని బేరం ఆడడం నేర్చుకుంది.

ప్రయాణపు సంచిలో ఎప్పుడూ ఉండేవి అటుకులు, మరమరాలు, వేరుశనగ పట్టీ, ఇంగువ లేని కందిపొడి, నెయ్యి సీసా, పిల్ల సొంత కంచం, చెంచా. లాడ్జిలో దిగితే చిన్న కరెంటు కుక్కరులో అన్నం పడేస్తాను. ప్యాకెట్ల సంగతి హోటళ్లకంటే నయం. 2020 నాటి లేబుల్ నిబంధనల ప్రకారం గ్లూటెన్ ఉన్న ధాన్యం వాడితే ప్యాకెట్ మీద చెప్పాలి. "గ్లూటెన్ రహితం" అని వేయాలంటే కిలోకు 20 మిల్లీగ్రాములు దాటకూడదు. ఆ పేరుతో అమ్మే బిస్కెట్ల ధర చూస్తే మాత్రం గుండె గుభేలుమంటుంది, అరటిపండు కొనుక్కోవడం మేలు.

బడి విహారయాత్రకు మొదట "బాధ్యత తీసుకోలేం" అన్నారు. పిల్ల ఏం తినవచ్చో, ఏం తినకూడదో ఒక అట్ట మీద పెద్ద అక్షరాలతో రాసి, పూటకో డబ్బా కట్టి, ఆ అట్ట టీచరు చేతిలో పెట్టాక ఒప్పుకున్నారు.

వచ్చే ఏడాది ఇంటర్. హాస్టలున్న కాలేజీల చుట్టూ తిరుగుతున్నాం. మొన్న ఒకచోట కాలేజీ ఆయన ర్యాంకుల పట్టిక తీసి చూపించబోతే, "అది తర్వాత చూస్తానండీ, ముందు మెస్సులో చపాతీల పిండి ఎక్కడ కలుపుతారో చూపించండి" అన్నాను. ఇంతవరకు అలా అడిగిన తల్లి లేదట. చూపించారు, అన్నం వార్చే గిన్నెల పక్కనే కలుపుతున్నారు. ఇంకో కాలేజీ చూడాలి.