ఆ బేసిను నాదే

మన వంట కోర్సు బ్యాచ్ మళ్ళీ కలిసే సందర్భంగా వేస్తున్న సంచిక కమిటీ నుంచి మూడోసారి ఫోన్ వచ్చింది. "ఏదో ఒకటి రాసి పంపరా బాబూ, నీ పేజీ ఒక్కటే ఖాళీగా ఉంది. సాల్సా గురించి మాత్రం వద్దు, ఇప్పటికే నలుగురు రాశారు" అన్నాడు మన సెక్రటరీ. ఆ నలుగురూ ఏం రాసి ఉంటారో ఊహించగలను. ఆఖరి ఏడాది మన సాల్సా, అదే ఆ పచ్చి టమాటా సాసు, పాడైనందుకు అందరూ మూడో బల్ల వాళ్ళనే తిట్టి ఉంటారు. అందుకే నేనూ దాని గురించే రాస్తున్నాను.

నిజం చెప్పాలంటే వేరే ఏదైనా రాద్దామన్నా నాకు గుర్తున్నది తక్కువ. మొదటి ఏడాది కొంత, ఆఖరి ఏడాదిలో ఆ ఒక్క రోజు. రెండో ఏడాది పాసయ్యానని మార్కుల కాగితం అంటోంది కాబట్టి క్లాసులకి వెళ్ళే ఉంటాను. హాస్టల్ మెట్ల సంగతి, కుక్కర్ విజిల్ సంగతి ఎలాగూ ఎవరో ఒకరు రాస్తారు.

మనకి వంట నేర్పిన మేడం మాత్రం ఇప్పటికీ కళ్ళ ముందే ఉన్నారు. ఏప్రన్ నాడాకి దారంతో వేలాడే ఆ స్టీలు చెంచా, దాని అంచున ఉన్న సొట్టతో సహా. దానికి "జడ్జిగారు" అని పేరు పెట్టిందెవరో నేను బయటపెట్టను, ఆయన ఇప్పుడు హోదాలో ఉన్నాడు. మేడం మనల్ని "నువ్వు" అంటున్నంతసేపూ గండం లేదు. "తమరు" అన్నారా, ఇక అయిపోయినట్టే.

సాల్సా మొదటి క్లాసులో గంటసేపు కత్తి ముట్టుకోనివ్వలేదు. స్పానిష్‌లో సాల్సా అంటే సాస్ అనేనని, మాట స్పెయిన్ వాళ్ళదైనా సరుకు మాత్రం వాళ్ళు రాకముందు నుంచీ మెక్సికోలో ఉన్నదేనని చెప్పారు. 16వ శతాబ్దంలో అక్కడికి వెళ్ళిన బెర్నార్దినో దె సాహగూన్ అనే ఫాదరీ, సంతలో టమాటా, మిరప, గుమ్మడి గింజలతో చేసిన సాసులు అమ్మేవాళ్ళ గురించి రాసిపెట్టాడట. టమాటా అన్న మాటే అక్కడి నాహువాట్ల్ భాషలోని "తోమాట్ల్" నుంచి వచ్చిందట. వండకుండా పచ్చిగా కలిపే సాల్సాని "పీకో దె గాయో" అంటారు, అంటే కోడిపుంజు ముక్కు అన్నారు. వెనక బెంచీలో ఒకడు తన ముక్కు తడుముకున్నాడు. వాడికి "పుంజు" అన్న పేరు పుట్టింది ఆ క్షణంలోనే.

తర్వాత టమాటా. నాలుగు చీలికలు చేసి, మధ్యలో ఉన్న గింజల గుజ్జు చెంచాతో తీసి పక్క గిన్నెలో వెయ్యాలి. పారెయ్యడానికి కాదు, అసలు రుచి చాలావరకు ఆ గుజ్జులోనే ఉందని చివర్లో కావలసినంత కలుపుతారు. తొక్క కిందికి ఉండేలా చీలికని బోర్డు మీద పరిచి, ముందు పొడుగ్గా, తర్వాత అడ్డంగా కొయ్యాలి. ముక్క పెన్సిల్ మందం దాటకూడదు. మొద్దు కత్తితో కోస్తే ముక్కలు నలిగి నీరు కక్కుతాయి, ఉల్లిపాయ మరింత ఏడిపిస్తుంది. ఉల్లిపాయ తరిగాక పది నిమిషాలు చన్నీళ్ళలో వేసి పిండితే ఘాటు దిగుతుంది. మిరపకాయ కారం గింజలో ఉందని మనందరం చెయ్యెత్తి చెప్పాం. కాదు, గింజలు పట్టుకుని ఉండే తెల్లటి పొరలో ఉంటుందని, గింజకి అంటుకునేది అక్కడి నుంచేనని చూపించారు. ఆ చేత్తోనే కన్ను నలుపుకున్న మహానుభావుణ్ణి మీరెవరూ మర్చిపోయి ఉండరు.

ఇక పికిల్, అంటే వెనిగర్‌లోనో ఉప్పునీళ్ళలోనో ఊరేసిన కీరకాయ. సాల్సాలో పికిల్ ఏమిటని పుంజు అడిగాడు. వెనిగర్‌లో క్యారెట్, ఉల్లిపాయలతో ఊరేసిన హాలపీన్యోలు, అంటే అక్కడి పచ్చిమిరపకాయలు, మెక్సికో వాళ్ళకి కొత్తేమీ కాదు, కానీ పచ్చి సాల్సాలో కీర దోసకాయ పికిల్ వెయ్యడం మేడం సొంత పైత్యం. ఆవిడే ఒప్పుకున్నారు. నిమ్మకాయ పులుపు నాలుకని తాకి పోతుందని, పికిల్ పులుపు నమిలేకొద్దీ వస్తుందని ఆవిడ వాదన. పైగా మెత్తటి టమాటా మధ్య ఆ కరకర. నేను ఆ రోజు నమ్మలేదు.

మన అల్మరాలో రెండు జాడీలు ఉండేవి. ఒకటి వెనిగర్‌ది, రెండు రోజుల్లో తయారు. రెండోది లీటరు నీళ్ళకి 50 గ్రాముల ఉప్పు వేసి వారాల తరబడి పులియబెట్టినది. దాని నీళ్ళు మబ్బుగా ఉంటే పాడైందని గోల చేశాం. అది ల్యాక్టిక్ బ్యాక్టీరియా పనితనమని, పులుపు దానివల్లేనని చెప్పి నోరు మూయించారు. కీరకాయ పువ్వు వైపు కొస తప్పకుండా కోసెయ్యాలి, అక్కడి ఎంజైములు కాయని మెత్తబరుస్తాయి. ఈ రెండో జాడీని గుర్తుపెట్టుకోండి.

ఆఖరి ఏడాది, అతిథులు వచ్చే రోజు. అరవై మందికి భోజనం, సాల్సా బాధ్యత నాది. ఎనిమిది కిలోల టమాటా. తరిగిన ముక్కలకి కొంచెం ఉప్పు పట్టించి పావుగంట జల్లెడలో ఉంచితే ఎక్కువ నీరు దిగిపోతుంది, సాల్సా చెరువు కాదు. ఆ పని వడ్డనకి కాస్త ముందు చెయ్యాలి. నేను టెన్షన్‌లో పొద్దున తొమ్మిదింటికే, జల్లెడలో కాదు, అల్యూమినియం బేసినులో చేశాను. అది చాలదన్నట్టు స్టోరు గదికి వెళ్ళి వచ్చేసరికి ఉప్పు వేశానో లేదో గుర్తు రాలేదు. మళ్ళీ వేశాను. పదకొండింటికి పికిల్ కలపాలి. చేతికందింది ఉప్పునీళ్ళ జాడీ. ముక్కలతోపాటు, పులుపు కోసమని, ఆ నీళ్ళు కూడా రెండు గరిటెలు.

రుచి చూశావా అంటారు మీరు. నా చెంచా హాస్టల్లో మర్చిపోయాను. ఇంకొకరిని అడిగితే మేడం చూస్తారని భయం. వేలు పెట్టడానికి అంతకంటే భయం. అంతే. ఇన్నేళ్ళూ దీనికి పెద్ద కారణం ఏదో ఉందని నాకు నేనే చెప్పుకున్నాను, ఇదొక్కటే కారణం. కొత్తిమీర తరగడానికి నా బల్ల ఖాళీ కావాల్సి వచ్చి బేసినుని తీసుకెళ్ళి మూడో బల్ల మీద పెట్టాను.

పన్నెండున్నరకి జడ్జిగారు ఆ బేసినులో మునిగారు. మేడం ముఖంలో ఏమీ కనిపించలేదు. రెండోసారి చెంచా ముంచలేదు, అదొక్కటే తేడా. ముక్కలు సముద్రంలో తేలుతున్నాయి. "ఈ బల్ల ఎవరిది?" అన్నారు. మూడో బల్ల నలుగురూ తలలు దించుకున్నారు. నేను కొత్తిమీర తరుగుతున్నాను. అంత శ్రద్ధగా కొత్తిమీర నేను ముందూ తరగలేదు, తర్వాతా తరగలేదు.

ఆ తర్వాత అరగంట మీకు తెలిసిందే. మేడం బేసినుని జల్లెడలో బోర్లించి, నీరు మొత్తం వేరే గిన్నెలోకి పట్టారు. ముక్కల్లో సగమే ఉంచారు. స్టోరులో మిగిలింది మూడు కిలోల టమాటా, అది చాలదు. పచ్చి కీరకాయలు తెప్పించి అవీ చిన్న ముక్కలు చేయించారు. ఉప్పు తగలని టమాటా, కీర, కడిగిన ఉల్లిపాయ, తీసిపెట్టిన గుజ్జు అన్నీ ఆ సగంలో కలిపారు. ఇరవై మంది ఒకే బల్ల చుట్టూ నిలబడి కోస్తుంటే వచ్చిన చప్పుడు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. భోజనం ఇరవై నిమిషాలు ఆలస్యం. అతిథుల్లో ఒకావిడ సాల్సా ఎలా చేశారని అడిగారు. "మా పిల్లలు చేశారండీ" అన్నారు మేడం.

గిన్నెలోని నీళ్ళు పారబోయలేదు. సాయంత్రం అందర్నీ వరసలో నిలబెట్టి తలా ఒక చెంచా. "ఎవరు చేశారని అడగను. రుచి చూడకుండా పంపిన తమరికి తెలుసు కదా." పుంజు మింగలేక కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. అది మింగినందుకు పదిహేడేళ్ళుగా మూడో బల్లని తిడుతున్నారు. తిట్టాల్సింది నన్ను. బేసిను నాదే.

నా గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. ఒక వంటగదితో మొదలుపెట్టాను, ఇప్పుడు రెండు. పదకొండు మంది పనిచేస్తున్నారు. కొత్తగా చేరినవాళ్ళకి మొదటి రోజు ఏప్రన్ కంటే ముందు చెంచా ఇస్తాను. ఎందుకని ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. మెనూ చాలాసార్లు మారింది, పికిల్ సాల్సా మాత్రం అలాగే ఉంది. అర కిలో టమాటాకి వంద గ్రాముల పికిల్, చిన్న ఉల్లిపాయ ఒకటి, హాలపీన్యో ఒకటి, గుప్పెడు కొత్తిమీర, సగం నిమ్మకాయ, పికిల్ నీళ్ళు ఒక పెద్ద చెంచా. కలిపాక ఇరవై నిమిషాలు ఆగి, రుచి చూసి, అప్పుడు అవసరమైతే ఉప్పు. చాలాసార్లు అవసరం పడదు. టమాటాలు కొయ్యకముందు ఫ్రిజ్‌లో పెట్టనివ్వను, వాసన చచ్చిపోతుంది. కలిపిన సాల్సా మాత్రం ఫ్రిజ్‌లోనే, అదీ మూడు రోజులకి మించి కాదు.

పోయినేడాది మేడం వచ్చారు. చెప్పకుండా వచ్చారు, మూల బల్ల దగ్గర కూర్చున్నారు. సాల్సా నేనే కలిపి తీసుకెళ్ళాను. చేతిసంచీలోంచి చెంచా తీశారు. దారం లేదు కానీ సొట్ట అదే. ఒక చెంచా తిన్నారు. నేను ఊపిరి బిగబట్టాను. రెండో చెంచా తిన్నారు.

"ఉప్పు ఎప్పుడు వేశావు?"

"చివర్లో మేడం. రుచి చూశాకే."

"ఆ రోజు కూడా అలాగే చేసి ఉంటే సరిపోయేది కదరా" అని గిన్నె దగ్గరికి లాక్కున్నారు.

కమిటీ వారికి మనవి. మనం కలిసే రోజున సాల్సా నేనే తెస్తాను. వడ్డన మూడో బల్ల నుంచి మొదలుపెట్టించండి. చెంచాలు ఎవరివి వాళ్ళు తెచ్చుకోవాలి.