అర శ్రుతి కిందకి

ఇవాళ పదకొండున్నర దాకా రికార్డింగ్ మొదలే కాలేదు. పొద్దున పది నుంచి శ్రుతి తేల్చుకోవడానికే సరిపోయింది. ఐదుగురి పాప్ గ్రూపులో ఆరేళ్లు పాడి బయటికొచ్చిన అమ్మాయి సొంత పేరుతో చేస్తున్న మొదటి పాట ఇది. ట్యూన్ ఏ మైనర్‌లో కట్టి ఉంది, గ్రూపు పాటల్లో చాలావాటికి అదే శ్రుతి కాబట్టి. గ్రూపులో శ్రుతి ఏ ఒక్కరి గొంతుకీ కొలిచి కుట్టింది కాదు. పై స్థాయి అమ్మాయికి పల్లవి మెరవాలి, కింది స్థాయి అమ్మాయికి చరణం వినబడాలి, మధ్యలో వాళ్లు సర్దుకుపోవాలి. ఈమెది ఆ మధ్య గొంతు. ఇప్పుడు పైనా తనే, కిందా తనే.

అందుకని కీబోర్డు ఒక్కటే పెట్టుకుని పల్లవీ, చరణంలో అన్నిటికన్నా కింద నడిచే పంక్తీ మూడు శ్రుతుల్లో పాడించారు: ఉన్నదాంట్లో (ఏ మైనర్), అర శ్రుతి దించి (జి షార్ప్ మైనర్), ఒక శ్రుతి దించి (జి మైనర్). ఫోన్లో రికార్డు చేసి, పది నిమిషాలు గొంతుకి విశ్రాంతి ఇచ్చి, అప్పుడు విన్నారు. పాడిన వెంటనే వింటే కష్టపడిన టేకే (ఒకసారి పాడి రికార్డు చేసినదే) గొప్పగా అనిపిస్తుంది. పై స్వరం అందిందా లేదా అన్నది అసలు పరీక్ష కాదు. పాట ఎక్కువసేపు తిరిగే చోట గొంతు హాయిగా ఉందా అన్నదే చూడాలి. ఏ మైనర్‌లో మూడోసారి పల్లవి వచ్చేసరికి గొంతు బిగుసుకుంది. జి మైనర్‌లో చరణం అడుగున గాలి తప్ప మాట మిగల్లేదు. జి షార్ప్ మైనర్ కుదిరింది. గిటార్ అబ్బాయి ఆరు తీగలూ అర శ్రుతి దించుకుని, పాత ఏ మైనర్ వేళ్ల పట్లే వాయించాడు. వేలు పెట్టకుండా మీటే విడి తీగల మోత అలాగే నిలిచింది.

తర్వాతది ఊపిరి. సోలో అంటే గట్టిగా పాడటం అనుకుంటారు చాలామంది. గ్రూపులోంచి వచ్చినవాళ్లకు గట్టిగా పాడటం ఎప్పుడో వచ్చు. రానిది, మిగతావాళ్లు నింపిన ఖాళీలను తామే నింపడం. పాట టెంపో 96, అంటే నిమిషానికి 96 బీట్లు. నాలుగు బీట్ల ఒక బార్ రెండున్నర సెకన్లు. గ్రూపులో ఈమె నాలుగు బార్లు పాడితే తర్వాతి పన్నెండు బార్లు వేరేవాళ్లవి. పది సెకన్లు పాట, అర నిమిషం విశ్రాంతి. కలిసి పాడేచోట కూడా ఒకరు ఊపిరి తీసుకుంటుంటే ఇంకొకరు స్వరాన్ని పట్టి ఉంచేవారు. ఇప్పుడు పంక్తికీ పంక్తికీ మధ్య దొరికేది ఒక్క బీటు, అంటే 0.6 సెకన్లు. ఆ తొందరలో భుజాలు పైకి లేస్తాయి, గాలి పైపైనే నిండుతుంది, తర్వాతి పంక్తి మొదటి అక్షరం శ్రుతి దాటి పైకి ఎగురుతుంది. మొదటి టేకులో సరిగ్గా ఇదే జరిగింది.

సాహిత్యం కాగితం మీద ఎర్ర పెన్సిల్‌తో ఊపిరి గుర్తులు పెట్టుకోవడమే దీనికి మందు. గుర్తు అర్థం విరిగే చోట పడాలి గానీ గాలి అయిపోయిన చోట కాదు. చోటు చాలకపోతే ముందు పంక్తి చివరి దీర్ఘాన్ని అర బీటు ముందే ముగించి ఆ సమయాన్ని ఊపిరికివ్వాలి. దీర్ఘం కాస్త తగ్గినా వినేవాళ్లకు తెలియదు, మాట మధ్యలో ఊపిరి తెగితే మాత్రం వెంటనే తెలిసిపోతుంది.

రోజులో ఎక్కువసేపు పట్టింది పంక్తి చివరల దగ్గర. చరణం చివర "నేనే వచ్చాను" అని ఉంది. నాలుగు టేకుల్లోనూ "నేనే వచ్చా" వరకే వినబడింది. "ను" ఎక్కడికో జారిపోయింది. ఇది బద్ధకం కాదు, ఆరేళ్ల క్రమశిక్షణ. ఐదుగురు కలిసి పాడేటప్పుడు చివరి అక్షరం తలా ఒక క్షణంలో ముగిస్తే గలగలమంటుంది, అందుకే ఒక్కరికి ఆ అక్షరం అప్పగించి మిగతావాళ్లు మెత్తగా వదిలేస్తారు. ఈమె వదిలేసే నలుగురిలో ఒకరు. కానీ తెలుగులో చివరి అచ్చే కదా అర్థాన్ని మోసేది! వచ్చాను, వచ్చానా, వచ్చానే: తేడా అంతా ఆ ఒక్క అచ్చులోనే. పాట వదిలేసి ఆ పంక్తిని మామూలు మాటలా, ఎదుటి మనిషితో చెప్పినట్టు పదిసార్లు చెప్పించారు. తర్వాత పాడితే "ను" తనంతట తనే వచ్చింది.

గొంతులో కంపనం సంగతీ ఇంతే. గ్రూపులో స్వరం నిటారుగా నిలబెట్టాలి, లేకపోతే గొంతులు కలవవు. సోలోలో మూడు సెకన్ల స్వరాన్ని అలాగే నిలబెడితే పాట ముగియనట్టు ఉంటుంది. కావాలని ఊపమని చెప్పకూడదు, కృత్రిమంగా వస్తుంది. స్వరం రెండో సగంలో దవడ వదులు చేయమంటే చాలు.

మైక్ విషయం మామూలే: కండెన్సర్ మైక్‌కి జానెడు దూరం, మధ్యలో ప, బ ల గాలి దెబ్బను ఆపే పాప్ ఫిల్టర్, రికార్డింగ్ నాణ్యత 24 బిట్, 48 కిలోహెర్ట్జ్. రికార్డింగ్ లెవెల్ మాత్రం మొదటి పంక్తితో పెట్టకూడదు, అన్నిటికన్నా గట్టిగా వచ్చే పంక్తి పాడించి మైనస్ 10 డెసిబెల్స్ దగ్గర ఆపాలి. హెడ్‌ఫోన్స్‌లోంచి గైడ్ గొంతు (దారి చూపడానికి ముందే పాడి పెట్టిన గొంతు) తీసేశారు. అది వినిపిస్తున్నంతసేపు ఈమె దానితో కలవడానికే చూస్తోంది.

మొత్తం పాట ఆరు టేకులు. మూడోది ఆధారం, నాలుగు పంక్తులు మిగతావాటి నుంచి. పంక్తితోపాటు దాని ముందున్న ఊపిరినీ అదే టేకులోంచి తీసుకోవాలి. ఊపిరి ఒక టేకుది, మాట ఇంకో టేకుది అయితే అతుకు తెలిసిపోతుంది.

సాయంత్రం హార్మొనీలు, అంటే అసలు గొంతుకి తోడుగా వేరే స్వరాల్లో పాడే పొరలు. ఇక్కడే పెద్ద ప్రలోభం: తన గొంతునే ఐదుసార్లు పేర్చి గ్రూపును మళ్లీ కట్టేయడం. అది గ్రూపులా వినబడదు. ఐదు వేర్వేరు గొంతుల కలయిక వేరు, ఒకే గొంతు ఐదు పొరలు వేరు. స, శ, ట లు ఒకదాని మీద ఒకటి పడి చెవిలో గుచ్చుకుంటాయి. చివరికి పల్లవిలో రెండే హార్మొనీలు ఉంచారు, కుడికొకటి, ఎడమకొకటి. ఒక అడుగు వెనక్కి నిలబడి, స కారాలు దాదాపు మింగేసి పాడింది. చరణాలకు ఒక్క గొంతే. ఇది సరైన నిర్ణయం. పాత అభిమానులు కూడా ఇప్పుడు వినాల్సింది ఆ ఒక్క గొంతునే.

మధ్యలో టీ తాగుతూ, "ఆలస్యమైపోతోందా?" అని అడిగింది. బయటికొచ్చి పద్నాలుగు నెలలైంది. బ్రిటిష్ గాయకుడు రాబీ విలియమ్స్ టేక్ దట్ గ్రూపును వదిలింది 1995లో, సోలో ఆల్బమ్ వచ్చింది 1997లో. జేన్ మాలిక్ వన్ డైరెక్షన్ గ్రూపును వదిలింది 2015 మార్చిలో, ఆల్బమ్ 2016 మార్చిలో. ఏడాదీ రెండేళ్లూ పట్టడం మామూలే.

కాగితాల పని ఇవాళే ముగించడం మంచిదైంది. రాతలోనూ ట్యూన్‌లోనూ ఎవరి వాటా ఎంతో, మొత్తం నూరు శాతం వచ్చేలా రాసి అందరూ సంతకాలు పెట్టారు. పాట పేరు తెచ్చుకున్నాక ఈ లెక్క తేలదు. పాత ఒప్పందంలో గ్రూపు పేరును ప్రచారంలో ఎలా వాడొచ్చో, పాత పాటల్ని ఎన్నేళ్ల దాకా మళ్లీ రికార్డు చేయకూడదో లాయరు గీత గీసి చూపించారు. వేదిక మీద ఒక పాత పాట పాడాలని ఉంది. దానికి గ్రూపు రికార్డులోని మ్యూజిక్ ట్రాక్ వాడటం కుదరదు, ఆ రికార్డింగు కంపెనీది. గిటార్‌తో కొత్తగా కట్టుకోవాలి. విడుదలకు నాలుగు వారాల ముందే పాట డిస్ట్రిబ్యూటర్‌కి (పాటను స్ట్రీమింగ్ యాప్‌లకు చేర్చే సంస్థకి) చేరాలి. స్పాటిఫైలో ప్లేలిస్టులు కట్టే ఎడిటర్లకు పంపడానికి కనీసం ఏడు రోజుల ముందైనా ఉండాలి. అదే పేరుతో ఇంకో గాయని ఉందేమో ఇప్పుడే చూసుకోవాలి, లేదంటే పాట వెళ్లి వాళ్ల పేజీలో కూర్చుంటుంది.

రేపు గంట పని మిగిలింది. రెండో చరణం మూడో పంక్తిలో ఊపిరి గుర్తు ఒక మాట ముందుకు జరిపాం, ఆ పంక్తి మళ్లీ పాడాలి. అప్పటిదాకా గోరువెచ్చని నీళ్లు, ఫోన్లో మాట్లాడకుండా ఉండటం.