లేసు గొడుగు, పెద్దమ్మ సామెత

పోయిన మే నెలలో చెన్నై పాండీ బజార్‌లో ఓ గొడుగు కొన్నా, క్రీమ్ కలరు, చుట్టూ లేసు, పిడికి చిన్న కుచ్చు, చూడగానే పడిపోయా. అది వేసుకుని పెరంబూర్‌లో పెద్దమ్మ వాళ్ళింటికెళ్తే గేటు దగ్గరే ఆపేసి "ఇదేం గొడుగే, ఎండంతా నీ మొహం మీదే ఉంది" అంది. నిజమే, చేతుల మీద కూడా లేసు పువ్వుల నీడలు. పైగా అల్పుడికి ఐశ్వర్యం వస్తే అర్ధరాత్రి గొడుగు పట్టమన్నాడట అని ఓ సామెత పడేసి నవ్వింది.

నాకు విక్టోరియా కాలం బట్టలంటే పిచ్చి కదా, ఆ సామెత వినగానే ఆ కాలం ఇంగ్లీషు దొరసానులే గుర్తొచ్చారు. వాళ్ళకి వానకి అంబ్రెల్లా వేరు, ఎండకి ప్యారాసోల్ వేరు. అసలు లండన్‌లో ఎండ ఎక్కడేడ్చిందండీ, మన కత్తిరి ఎండలో ఒక్కరోజు నిలబెడితే తెలిసేది! ఒళ్ళు కమిలితే పొలం పనికెళ్ళే మనిషనుకుంటారని వాళ్ళ భయం. పెళ్ళిచూపుల ముందు "ఎండలో తిరక్కే" అని మనింట్లో అన్నట్టే.

అందులో నాకు బాగా నచ్చేది క్యారేజ్ ప్యారాసోల్. టాప్ లేని గుర్రబ్బండిలో కూర్చుని పట్టుకోడానికి చేసింది, చిన్నగా ఉంటుంది, కర్ర మధ్యలో మడత బందు, వద్దనుకుంటే సగానికి మడిచేయొచ్చు. ఏనుగు దంతం పిడి, పట్టుగుడ్డ, డబ్బున్నవాళ్ళైతే పైన షాంటిల్లీ అనే సన్నటి ఫ్రెంచి లేసు. ఊచలు మొదట్లో వేల్‌బోన్‌వి, పేరుకే బోన్, తిమింగలం నోట్లో జల్లెడలా వేలాడే పదార్థం అది. 1852లో శామ్యూల్ ఫాక్స్ అనే ఆయన స్టీలు ఊచల ఫ్రేమ్ తెచ్చాక గొడుగులు బాగా తేలికయ్యాయి. ఇంట్లో ఎవరైనా పోతే దీనికీ మైల, నల్ల క్రేప్ గుడ్డది పట్టుకోవాల్సిందే.

విక్టోరియా రాణిగారిదైతే ఇంకో కథ. 1840లోనూ 1842లోనూ ఆవిడ మీద హత్యాప్రయత్నాలు జరిగాయి, ఆవిడ కోసం చేసిందని చెప్పే ప్యారాసోల్ ఒకటి లండన్ మ్యూజియం వాళ్ళ దగ్గరుంది, గుడ్డ లోపల ఇనప గొలుసుల అల్లిక. అంత బరువు ఎత్తుకుని షికారుకెవరెళ్తారు చెప్పండి.

నా గొడుగు సంగతంటారా, జూన్‌లో రంగనాథన్ స్ట్రీట్‌లో ఒక్క వానకే లేసంతా ముద్దైపోయి, రెండు ఊచలు వంగి, కొట్టువాడు "ఇది వానకి కాదమ్మా" అని చేతులు దులిపేసుకున్నాడు. ఇప్పుడది పెద్దమ్మ డాబా మీదుంది, వడియాలకి కాకులు రాకుండా. ఎండ కూడా బాగా తగుల్తోందట.