రెయిడ్‌లో మొదటి డిస్క్ చప్పుడు చేయకుండా పోతుంది

రెయిడ్ అంటే ఒక డిస్క్ పోయినా డేటా నిలిచేలా కొన్ని డిస్కులను కలిపి కట్టే పద్ధతి. అది ఉన్న సర్వర్‌లో ఒక డిస్క్ పోతే ఎవరికీ తెలియదు. సైట్ తెరుచుకుంటుంది, డేటాబేస్ పలుకుతుంది, ఫిర్యాదులు రావు. చిక్కంతా అక్కడే. రెయిడ్ 5 ఒక్క డిస్క్ పోతేనే తట్టుకుంటుంది. రెండోది పోయాక గానీ మొదటిది పోయిన సంగతి తెలియకపోతే అదనపు డిస్క్ పెట్టీ దండగే.

లినక్స్‌లో రెయిడ్ స్థితి చూడాలంటే ప్రోక్ డైరెక్టరీలోని ఎండీస్టాట్ ఫైల్ తెరవండి. నాలుగు డిస్కుల అరే (రెయిడ్‌గా కలిపిన డిస్కుల గుంపు) అయితే బ్రాకెట్లో నాలుగు 'యు'లు వరసగా ఉండాలి. ఒకదాని చోట అండర్‌స్కోర్ ఉందంటే ఆ డిస్క్ లేనట్టే. రోజూ ఎవరు చూస్తారని రెయిడ్‌ను నడిపే ఎండీఆడ్మ్ టూల్‌లోని మానిటర్‌కి మెయిల్ అడ్రస్ ఇస్తాం. ఇచ్చి ఊరుకోకండి. టెస్ట్, వన్‌షాట్ ఆప్షన్లతో నడిపి మెయిల్ ఇన్‌బాక్స్‌కి చేరిందో లేదో చూడండి. అలర్ట్ పెట్టి ఉండి, సర్వర్ నుంచి మెయిలే బయటికి పోని సందర్భాలు చాలా మామూలు.

డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే స్మార్ట్ పట్టికలో 5, 197, 198 నంబర్లు చూస్తే చాలు. 197 అంటే చదవడం కుదరక పెండింగ్‌లో పడ్డ సెక్టార్లు, అంటే డిస్క్‌లోని చిన్న చిన్న భాగాలు. అది పెరుగుతుంటే డిస్క్ పూర్తిగా చచ్చేదాకా ఆగొద్దు. కొత్త డిస్క్‌ను స్పేర్‌గా చేర్చి ఎండీఆడ్మ్‌లోని రీప్లేస్ ఆప్షన్ వాడండి. పాతది అరేలో ఉండగానే కాపీ జరుగుతుంది. పీకేటప్పుడు మాత్రం లినక్స్ డిస్కులకు ఇచ్చే ఎస్‌డీబీ, ఎస్‌డీసీ పేర్లను నమ్మకండి, రీబూట్‌తో అవి మారిపోవచ్చు. సీరియల్ నంబర్‌ను స్టిక్కర్‌తో సరిచూసుకోండి.

రీబిల్డ్‌కి, అంటే పోయిన డిస్క్ డేటాను కొత్తదానిలో తిరిగి నింపడానికి, ఎంతసేపు? 8 టీబీ డిస్క్, సెకనుకు 200 ఎంబీ వేగం అనుకుంటే 40,000 సెకన్లు, అంటే 11 గంటల పైమాటే. అదీ సర్వర్ ఖాళీగా ఉంటే. ఆ సేపంతా మిగతా డిస్కులను మొదటి నుంచి చివరిదాకా చదవాలి. ఏళ్ల తరబడి ఎవరూ తాకని మూలన ఉన్న చెడ్డ సెక్టార్ సరిగ్గా అప్పుడే బయటపడుతుంది. నెలకోసారి అరే చెక్ నడపమనేది అందుకే.

డెస్క్‌టాప్ డిస్కులతో ఇంకో తంటా ఉంది. చెడ్డ సెక్టార్ తగిలితే కొన్ని డిస్కులు నిమిషానికి పైగా మళ్లీమళ్లీ ప్రయత్నిస్తాయి. లినక్స్ మామూలుగా 30 సెకన్లే ఓపిక పడుతుంది, తర్వాత రీసెట్ చేస్తుంది. దాంతో బాగానే ఉన్న డిస్క్ కూడా అరే నుంచి బయటపడొచ్చు. స్మార్ట్‌సీటీఎల్ కమాండ్‌తో ఎస్‌సీటీ ఈఆర్‌సీ (చెడ్డ సెక్టార్ మీద ఎంతసేపు ప్రయత్నించాలో చెప్పే సెట్టింగ్) విలువ 70 పెడితే, అది సెకనులో పదో వంతుల లెక్క కాబట్టి, ఈ సెట్టింగ్‌ను ఒప్పుకునే డిస్క్ 7 సెకన్లలో తేల్చేస్తుంది. పవర్ తీస్తే చాలా డిస్కులు దీన్ని మరిచిపోతాయి, కాబట్టి బూట్ స్క్రిప్టులో పెట్టాలి.

రెండు డిస్కులు ఒకేసారి పడిపోయాయంటే ముందు కేబుల్‌ని, కంట్రోలర్‌ని అనుమానించండి. కంగారులో ఎండీఆడ్మ్ క్రియేట్ కొట్టారో, ఉన్న మెటాడేటా (అరే ఎలా కట్టారో చెప్పే సమాచారం) కాస్తా పోతుంది. ఎగ్జామిన్‌తో ప్రతి డిస్క్ ఈవెంట్స్ సంఖ్య (అరేలో జరిగిన మార్పుల లెక్క) రాసుకోండి. అవి దగ్గరదగ్గరగా ఉంటే అసెంబుల్‌కి ఫోర్స్ జోడిస్తే అరే లేచే అవకాశం ఎక్కువ. డేటా విలువైనదైతే ముందు డీడీరెస్క్యూ టూల్‌తో ప్రతి డిస్క్‌కీ ఇమేజ్, అంటే పూర్తి కాపీ, తీసుకోండి.

ఒకే డేటా ప్రతి డిస్క్‌లోనూ ఉండే రెయిడ్ 1లో బూట్ డిస్క్ మార్చినప్పుడు కొత్తదాని మీద గ్రబ్ (సర్వర్‌ను బూట్ చేసే ప్రోగ్రామ్) కూడా వేయాలి. పార్టిషన్ల మీద కట్టిన అరే వాటి లోపలిదే కాపీ చేస్తుంది, బూట్ సెక్టార్‌ను తాకదు. ఇది మరిచిపోతే, పాత డిస్క్ కూడా పోయిన రోజున డేటా అంతా భద్రంగానే ఉంటుంది, సర్వర్ మాత్రం బూట్ కాదు.