తోడి మధ్యలో ఐదు నిమిషాల అట్ట

"వాచీ చూసుకునేదానివి ఎందుకొచ్చావమ్మాయ్?" అన్నారు మా సంగీతం మాస్టారు, అందరి ముందే.

విజయవాడ సత్యనారాయణపురంలో మాస్టారింటి హాలు. మద్రాసు నుంచి వచ్చిన ఒక వయొలిన్ విద్వాంసుడు పిల్లలకి గమకాల గురించి, అంటే స్వరాన్ని ఊపి పలికించే తీరు గురించి, చెబుతున్నారు. పదింటికి మొదలైంది, పన్నెండున్నర దాటింది. నాకు వేరే పనేమీ లేదు. అలవాటు కొద్దీ చెయ్యి తిప్పి చూశాను, అంతే. చాప మీద నా పక్కనున్న పాప కూడా తలెత్తి చూసింది. సిగ్గుతో చచ్చిపోయాను.

మాస్టారికి ఎదురు చెప్పే అలవాటు మా ఇళ్లల్లో లేదు. ఆయనకి చెప్పలేనిది ఇక్కడ రాస్తున్నాను.

అమెరికాలో ఒక యూనివర్సిటీ సంగీత విభాగం ఆఫీసులో నా ఉద్యోగం. బయటి నుంచి వచ్చే కళాకారుల క్లాసులకి, ప్రసంగాలకి ఏర్పాట్లు చూడాలి. గది బుకింగు, పియానో శ్రుతి చేయించడం, హోటలు, డబ్బు కాగితాలు అన్నీ నావే. మాస్టర్‌క్లాస్ అంటే మా దగ్గర 90 నిమిషాలు, ముగ్గురు విద్యార్థులు. ఒక్కొక్కరూ అందరి ముందూ వాయిస్తారు, అతిథి ఆపి దిద్దుతారు, మళ్లీ వాయిస్తారు. కాలానికి లెక్క గది దగ్గరే ఆగదు. విజిటర్ వీసా మీద వచ్చినవాళ్లకి పాఠం చెప్పినందుకు యూనివర్సిటీ పారితోషికం ఇవ్వాలంటే, ఒక సంస్థలో ఆ పని 9 రోజులు దాటకూడదు, 6 నెలల్లో 5 సంస్థలకి మించి తీసుకోకూడదు. అవన్నీ సరిచూసి సంతకాలు పెట్టించేది నేనే. గడియారం చూడకపోతే నా ఉద్యోగమే లేదు మాస్టారూ.

కానీ ఆయన మాట ఇంతగా గుచ్చుకోవడానికి కారణం వేరే ఉంది.

రెండేళ్ల క్రితం చలికాలంలో గుంటూరు వైపు నుంచి ఒక గాయకుడు, ఆయనతో మృదంగం ఆయన మా డిపార్ట్‌మెంట్‌కి వచ్చారు. మనవాళ్లు వస్తున్నారంటే నాకు వారం ముందు నుంచే పండగ. హీటర్ల వేడికి మృదంగం తోలు బిగుసుకుపోయింది. ఎడమ వైపు పెట్టడానికి రవ్వ కావాలన్నారు. ఇండియన్ స్టోర్‌కి పరిగెత్తి బొంబాయి రవ్వ పొట్లం తెచ్చాను. ఆయన కాఫీ కప్పులో నీళ్లు పోసి రవ్వ ముద్ద చేసి, తొప్పి (ఆ ఎడమ వైపు) మధ్యలో బొటనవేలితో అద్ది, తట్టి, చెవి దగ్గర పెట్టుకుని, మళ్లీ చిటికెడు తీసేశారు. ముందు వరసలో కూర్చున్న డ్రమ్స్ విద్యార్థి కుర్చీలోంచి లేచి వచ్చి నేల మీద కూర్చున్నాడు. ఎవరూ చెప్పలేదు అతనికి.

తర్వాత గాయకుడు తోడి రాగం ఎత్తుకున్నారు. ఒక అమ్మాయి అడిగింది, ఇందులో గాంధారం, అంటే 'గ' స్వరం, పియానోలో ఏ మెట్టు అని. ఆయన లేచి వెళ్లి ఆ మెట్టు నొక్కారు. నిలువుగా, కదలకుండా ఒక స్వరం పలికింది. "ఇది గాంధారమే, కానీ తోడి కాదు" అని, దాని కిందున్న రిషభం నుంచి పైనున్న మధ్యమం దాకా ఊపుతూ పాడి చూపించారు. పిల్లల చేత పాడించారు. ఐదోసారో ఆరోసారో ఆ అమ్మాయి గొంతులో ఒక్క క్షణం నిజంగా తోడి పలికింది. గదంతా నిశ్శబ్దం.

సరిగ్గా అప్పుడు వెనక నుంచి నేను "5 నిమిషాలు" అని రాసిన అట్ట పైకెత్తాను. తలుపు బయట తర్వాతి గంట వాళ్లు సాక్సోఫోన్ పెట్టెలతో నిలబడి ఉన్నారు మరి.

ఆయన ఆలాపన కుదించి, దండం పెట్టి ఆపేశారు. కారు దాకా దింపడానికి వెళ్తే, "నీ ఉద్యోగం నువ్వు చేశావు, బాధపడకు తల్లీ" అన్నారు. తిట్టినా ఇంత బాధ ఉండేది కాదు.

అక్కడివాళ్లని తప్పుపట్టలేను. కనెక్టికట్‌లోని వెస్లియన్ యూనివర్సిటీలో 1960ల నుంచే మన సంగీతం చెబుతున్నారు. టి. రంగనాథన్, టి. విశ్వనాథన్ అన్నదమ్ములు అక్కడ పాఠం చెప్పినవాళ్లే. మా దగ్గర అలాంటి శాఖ లేకపోయినా, విద్వాంసుడికి ఎంత ఇస్తామో ముందే కాగితం మీద రాసిస్తాం. పాఠం రికార్డు చేసి లైబ్రరీలో దాస్తాం. ఇక్కడ శాలువా కప్పి పండ్లిచ్చి పంపిన పెద్దవాళ్లు బస్సులో వెళ్లడం చిన్నప్పటి నుంచీ చూశాను. అది గౌరవమని నేను ఒప్పుకోను.

అయినా మనసు ఇటే లాగుతుంది. పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారు పాఠం చెప్పిన ఊరు, బాలమురళిగారు సంగీత కళాశాలకి తొలి ప్రిన్సిపాల్‌గా పనిచేసిన ఊరు. ఆ రోజు మాస్టారింట్లో మద్రాసు విద్వాంసుడు ఒకే ఒక్క సంగతి, అంటే కీర్తనలో ఒక పంక్తిని మార్చి పలికించే ఒక తీరు, ముప్పావుగంట చెప్పారు. పాప పట్టుకోలేకపోతే మళ్లీ మొదటి నుంచి. మాస్టారి భార్య వచ్చి "అన్నాలు చల్లారిపోతున్నాయి" అంటే, "ఈ పిల్లకి రానీ" అన్నారా విద్వాంసుడు. రెండు దాటాక వచ్చింది. అప్పుడు లేచారు.

ఈ మార్చిలో మా డిపార్ట్‌మెంట్‌కి ఒక వీణ విదుషి వస్తున్నారు. మధ్యాహ్నం రెండింటికి వేసిన క్లాసుని రోజులో చివరి గంటకి మార్చమని, ఆ గదికి తర్వాత బుకింగులు పెట్టొద్దని రాత్రి ఇక్కడి నుంచే మెయిల్ పెట్టాను. జవాబు ఇంకా రాలేదు.