పచ్చ క్యాబిన్ కోసం చిత్తూరు దాకా

మొక్కు తీర్చుకోవడానికి తిరుపతి వెళ్తున్నామని చుట్టాలందరికీ చెప్పాం. అందులో అబద్ధమేమీ లేదు. మూడు రోజుల్లో ఒక రోజును చిత్తూరు కోసం అట్టే పెట్టుకున్నానన్న సంగతి మాత్రం రైలు విజయవాడ దాటాకే మా ఆవిడకు చెప్పాను.

"చిత్తూరులో మనకెవరున్నారు?"

"ఒక లారీ ఉంది."

"ఎంత పొడవు?" అని అడిగింది. పంతొమ్మిదేళ్ల కాపురం మరి.

"మూడంగుళాలు."

కాసేపు కిటికీలోంచి బయటికి చూసి షరతు పెట్టింది. అంత దూరం వెళ్తే కాణిపాకం కూడా తీసుకెళ్లాలి. బేరం నాకే లాభమనిపించింది, వెంటనే ఒప్పుకున్నాను.

ఆ లారీ కథ కొంచెం వెనక నుంచి చెప్పాలి. లెస్లీ స్మిత్, రోడ్నీ స్మిత్ అనే ఇద్దరు 1947లో లండన్‌లో తమ పేర్లు కలిపి లెస్నీ అనే కంపెనీ పెట్టారు. తర్వాత వాళ్లతో చేరిన జాక్ ఓడెల్ కూతురు చదివే బడిలో, అగ్గిపెట్టెలో పట్టే బొమ్మలను మాత్రమే తెచ్చుకోనిచ్చేవారట. ఆయన కూతురి కోసం ఇత్తడితో బుల్లి రోడ్డు రోలరు చేసిచ్చాడు. 1953లో మొదలైన 'మ్యాచ్‌బాక్స్' బండ్లకు ఆ అగ్గిపెట్టే మూలం. 75 నంబర్ల వరుస అది. అందులో 13వ నంబరు కింద 1965లో ఒక డాడ్జ్ లారీ వచ్చింది, చెడిపోయిన బండ్లను లాక్కెళ్లే క్రేన్ లారీ. క్యాబిన్ పసుపు, వెనక భాగం ఆకుపచ్చ. ఎక్కడ చూసినా ఉండేవి అవే. అతి కొద్ది లారీలకు మాత్రం రంగులు తారుమారై క్యాబిన్ ఆకుపచ్చగా, వెనక భాగం పసుపుగా వచ్చింది. మామూలు లారీని చూసి "బాగుంది" అని ఊరుకునే సేకరణకారుడు ఈ తిరగబడిన లారీ పేరు చెబితే నిద్ర మానుకుంటాడు. చిత్తూరు నుంచి ఒక కుర్రవాడు ఫోనుకు పంపిన ఫోటోలో క్యాబిన్ ఆకుపచ్చగా ఉంది.

దర్శనమైన మర్నాడు ఉదయమే బస్సెక్కాం. తిరుపతి నుంచి చిత్తూరుకు సుమారు 70 కిలోమీటర్లు. చంద్రగిరి కోట కొండ దాటే వరకు మా ఆవిడ మాట్లాడింది. తర్వాత నిద్రపోయింది. జూన్ నెల కావడంతో దారి పొడవునా తోతాపురి కాయలు నింపుకున్న లారీలు, ట్రాక్టర్లు. మామిడి గుజ్జు ఫ్యాక్టరీల ముందు అవి బారులు తీరి ఉన్నాయి. ఎదుట ఇన్ని నిజం లారీలు కదులుతుంటే, నేను జేబులోని భూతద్దాన్ని తడుముకుంటూ కూర్చున్నాను.

కట్టమంచిలో ఇల్లు వెతుక్కోవడం కష్టం కాలేదు. తలుపు తీసింది ఫోటో పంపిన కుర్రవాడే. లోపల అతని తాతగారు, పదవీ విరమణ చేసిన డ్రాయింగు మాస్టారు, పేపరు చదువుకుంటున్నారు. మా ఆవిడ లడ్డు ప్రసాదం చేతికివ్వగానే కళ్లకద్దుకుని, "ముందు కాఫీ తాగండి, బొమ్మలెక్కడికీ పోవు" అన్నారు. ఆ కాఫీ ఎలా ఉందో నాకు గుర్తులేదు.

రేకు పెట్టె తెరిచారు. లారీ చేతిలోకి రాగానే ముందు దాన్ని తిరగేశాను. సేకరించేవాళ్లందరికీ ఉండే జబ్బే ఇది, బండి అందం చూడకుండా అడుగు చూస్తాం. ఈ బొమ్మలకు జింకు మిశ్రమాన్ని కరిగించి అచ్చులో పోస్తారు. వచ్చిన భాగాలకు రంగు వేసి, వేడిలో ఆరబెట్టి, ఆ తర్వాతే అడుగు పలకను రివెట్లతో బిగిస్తారు. కాబట్టి బండి లోపలా అదే రంగు ఉండాలి. బిగించిన తర్వాత ఎవరైనా కుంచె పెడితే రంగు లోపలి అంచులకు చేరదు, ఇరుసు మీద చుక్కలు రాలతాయి, తలుపుల గీతలు పూడుకుపోతాయి. ఎండ చేసే మోసం ఇంకొకటి. కిటికీ దగ్గర ఏళ్ల తరబడి నిలబడ్డ బండి వెలిసిపోతుంది, దాన్నే అరుదైన రంగని అంటగడతారు. అలాంటిది నేనూ ఒకటి కొన్నాను. ఎంతకు కొన్నానో ఇంట్లో తెలియదు.

రివెట్లు చెక్కుచెదరలేదు. భూతద్దం పెట్టి క్యాబిన్ లోపలి అంచు చూశాను. పసుపు.

నా మొహం చూసి మాస్టారు పేపరు మడిచారు. "ఆకుపచ్చ నేను వేసిందే సార్. వీడు మీకు చెప్పలేదా?"

కుర్రవాడు నేల చూశాడు.

"మీరిక్కడి నుంచి కాణిపాకం వెళ్తామన్నారు. అక్కడికి వెళ్లేవాళ్ల దగ్గర దాచగలనా? మా నాన్న పని మీద మద్రాసు వెళ్లినప్పుడు మూర్ మార్కెట్లో ఒకేలాంటివి రెండు కొన్నాడు, మా అన్నకొకటి, నాకొకటి. ఏది ఎవరిదని రోజూ కొట్లాట. ఒకరోజు అమ్మ విసిగిపోయి రెండూ అటక మీద పడేసింది. అప్పుడు నేను నాదానికి రంగులు తిరగేశాను. పసుపు ఉన్నచోట ఆకుపచ్చ, ఆకుపచ్చ ఉన్నచోట పసుపు."

ఇంగ్లండులో నిజంగానే అలాంటి లారీలు కొన్ని వచ్చాయని చెప్పాను. ఆయన లారీని నా చేతిలోంచి తీసుకుని కాసేపు చూసుకున్నారు. "వాళ్లింట్లో కూడా ఇద్దరు మగపిల్లలు ఉన్నారేమో" అన్నారు.

ఫ్యాక్టరీ పని కాదని తేలాక కూడా అది నాకు కావాలనిపించింది. అడిగాను. అన్నగారు పోయాడని, అది మాత్రం ఇవ్వనని చెప్పారు. మళ్లీ అడగలేదు. ఆ మూర్ మార్కెట్టూ 1985లోనే కాలిపోయింది.

పెట్టె అడుగున ఇంకొకటి దొరికింది. నీలం రంగు స్టాండర్డ్ 20 వ్యాను. లివర్‌పూల్‌లో 'డింకీ' పేరుతో బొమ్మ బండ్లు చేసిన కంపెనీ వాడి వదిలేసిన అచ్చులు 1960ల చివర్లో కలకత్తా చేరాయి. వాటితో అక్కడ 'నిక్కీ' పేరుతో బొమ్మలు పోశారు. ఇంగ్లీషు పేరులో రెండు అక్షరాలు మార్చి మిగతాది అలాగే ఉంచేశారు. నిజం వ్యాను మద్రాసులో తయారయ్యేది. నిక్కీ రంగు డింకీ అంత నున్నగా ఉండదు, మందంగా, కొంచెం మొరటుగా ఉంటుంది. దాన్ని లోపమనే వాళ్లున్నారు. నాకు అదే ఇష్టం. మనవడు ఐదు వేలన్నాడు, తాతగారు ఐదు వందలన్నారు, మా ఆవిడ మధ్యలో పడి రెండు వేలకు తెగ్గొట్టింది. తాతగారి మాట దగ్గరే ఎందుకు ఆగలేదో ఇప్పటికీ అడగలేకపోతున్నాను.

చిత్తూరు నుంచి కాణిపాకానికి ఆటోలో వెళ్లాం, దగ్గరే. వరసిద్ధి వినాయకుడి గుడి ముందు కొత్త బండ్లు వరసగా నిలబడి ఉన్నాయి. ఒకదానికి బంతిపూల దండ, ఇంకొకదాని టైరు కింద నిమ్మకాయ. దర్శనమై బయటికి రాగానే మా ఆవిడ నా జేబురుమాలు విప్పి వ్యానును అరచేతిలో పెట్టుకుంది. ఏం చేయబోతోందో అర్థమయ్యేలోపే, కుంకుమ వేలితో దాని నుదుట బొట్టు పెట్టేసింది.

"యాభై ఏళ్ల రంగు అది!" అని అరిచాను. పక్కనే కొత్త ట్రాక్టరుకు పూజ చేయిస్తున్న కుటుంబం మొత్తం నావైపు తిరిగింది.

"ఇన్నాళ్లూ పూజ లేకుండా తిరిగిందన్నమాట" అంది తను.

ఇంటికొచ్చాక మెత్తటి కుంచెతో తుడిచాను. చాలావరకు పోయింది. ముందు జాలీ గీతల్లో మాత్రం ఎరుపు మిగిలింది. నా పుస్తకంలో దాని పేరు ఎదురుగా రంగు రాసే గడి ఇంకా ఖాళీగానే ఉంది.