అమ్మది 1.1, నాన్నది 1.3

మాది ఉద్దానం. కవిటి, సోంపేట, పలాస చుట్టుపక్కల పెళ్లి కబుర్ల మధ్యలో కూడా కిడ్నీల పరీక్షలో చూసే క్రియాటినిన్ మాట వస్తుంది. బీపీ, షుగరు లేనివాళ్లకీ కిడ్నీలు పాడవుతాయిక్కడ. ఫలానా కారణమని ఇప్పటికీ తేలలేదు. అందుకే ఏ బాధా లేకపోయినా అమ్మకీ నాన్నకీ రక్తపరీక్షలు చేయించాను.

నాన్నకి 58 ఏళ్లు, క్రియాటినిన్ 1.3. ఆ ల్యాబు హద్దు 1.2 కాబట్టి అంకె బోల్డులో పడింది. అమ్మకి 55, క్రియాటినిన్ 1.1. ఏ గుర్తూ లేదు. దాంతో టెన్షనంతా నాన్న మీదే. "నాకేం లేదు, ముందు ఆయన్ని చూపించు" అని అమ్మ తన కాగితం మడిచేసింది.

డాక్టరుగారు ఆ మడిచిన కాగితం దగ్గరే ఆగారు. క్రియాటినిన్ కండరాల నుంచి వచ్చే వ్యర్థం. కండ ఉన్నవాళ్లలో ఎక్కువ తయారవుతుంది, అమ్మలాంటి సన్నటి మనిషిలో తక్కువ. కాబట్టి వయసు, ఆడా మగా కలిపి ఈజీఎఫ్ఆర్, అంటే కిడ్నీలు రక్తాన్ని ఎంత బాగా వడకడుతున్నాయో చెప్పే అంచనా, లెక్క కట్టాలన్నారు. ఫోనులోనే కట్టి చూపించారు. నాన్నది 64, అమ్మది 59! 60 కన్నా తగ్గితే పట్టించుకోవాలట. గుర్తు పడ్డాయన కంటే పడని ఆవిడే వెనకబడి ఉంది. ఇంత ముఖ్యమైన లెక్కని కొన్ని ల్యాబులు రిపోర్టులో వేయనే వేయవు, అదేం పద్ధతో నాకర్థం కాదు.

అయితే ఒక్కసారి 59 వస్తే జబ్బని తేల్చరు. మూడు నెలల తర్వాత కూడా అలాగే ఉండాలి. ఈలోగా మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్ ఎంత పోతోందో చెప్పే నిష్పత్తి చూశారు. 30 లోపే ఉంది. హమ్మయ్య అనుకునేలోపే, "మీ వైపు జబ్బులో మొదట్లో ప్రొటీన్ పెద్దగా పోదమ్మా, ఇది బాగుందని వదిలేయకండి" అన్నారు. జీడిపిక్కల పని నుంచి వచ్చి అమ్మ వేసుకునే ఒళ్లునొప్పుల మాత్రలు కిడ్నీలకి మంచివి కావని ఆ రోజే ఆపించారు.

నాన్నకి పొటాషియం 5.8 అని వచ్చి కాసేపు కంగారు పెట్టింది. మామూలుగా 5 దాటకూడదు. రక్తం తీసేటప్పుడు ఎర్రకణాలు చితికితే లోపలి పొటాషియం బయటికొచ్చి అలా చూపిస్తుందట. మళ్లీ తీయిస్తే 4.4. లివరు, థైరాయిడ్ బాగానే ఉన్నాయి, వాటి గురించి చెప్పడానికేం లేదు.

మూడు నెలలు దాటాక అమ్మకి మళ్లీ చేయిస్తే క్రియాటినిన్ 1.0, ఈజీఎఫ్ఆర్ 66 వచ్చాయి. అంకె ఊరికే పెరిగి కనిపించకుండా ముందు రోజు మాంసం వద్దన్నారు, నీళ్లు సరిగ్గా తాగి వెళ్లమన్నారు, అలాగే చేశాం. నేను సంబరపడుతుంటే, 0.1 తేడా యంత్రం వల్ల కూడా రావచ్చన్నారు డాక్టరుగారు. ఆరు నెలలకి మళ్లీ, అదే ల్యాబులో చేయించమన్నారు.